పక్కింటి మిల్లరు

ఆ వేసవంతా మా ఇల్లు, ఇంకా పళ్ళు కూడా సరిగ్గా రాని ఒక పిల్లవాడి చెప్పుచేతల్లో నడిచింది. వాడు మా పిల్లవాడు కాదు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్లు చేసే ఒక డాక్టరమ్మ కొడుకు. ఆవిడ పొద్దున్నే తెచ్చి మా అక్క చేతిలో పెట్టి, డ్యూటీ అయ్యాక వచ్చి తీసుకుపోయేది. కనుబొమలు ముడిచి, పెదవులు బిగించి, ఇరుపక్షాల వాదనా విన్నాకే మాట్లాడతానన్నట్టు చూసేవాడు కాబట్టి మా బావ వాడికి జడ్జిగారని పేరు పెట్టాడు.

ఇంటి కింది భాగంలో ఉన్న పెద్ద గదిలో అక్క పసిపిల్లల క్రెష్ నడిపేది. ఉద్యోగాలకు వెళ్ళే తల్లుల పిల్లలు, పాకేవాళ్ళూ తప్పటడుగులు వేసేవాళ్ళూ కలిసి ఎప్పుడు చూసినా ఏడెనిమిది మంది ఉండేవారు. ఆ గదికి ముందున్న వరండాలో బావ కుట్టుమిషను. బావ టైలరు. ఇక మూడోవాణ్ణి నేను. పనిచేస్తున్న రేడియో రిపేరు షాపు మూతపడటంతో, ఇంకో పని దొరికేదాకా ఉందామని అక్క ఇంటికొచ్చి పడ్డాను. "మీ తమ్ముడు ఊరికే కూర్చోడే, బాగా పనిచేస్తున్న వస్తువులన్నీ విప్పి కూర్చుంటాడు" అని బావ అక్కతో అంటుండేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఒక వస్తువు ఎందుకు మోగుతుందో, ఎందుకు ఆగిపోయిందో తెలిసేదాకా నాకు తిండి సహించదు.

క్రెష్‌లో అన్నిటికన్నా పెద్ద పని పిల్లలకు తినిపించడమూ కాదు, కడగడమూ కాదు. మధ్యాహ్నం పడుకోబెట్టడం. జడ్జిగారు నిద్రపోతే కోర్టు మొత్తం నిద్రపోయేది. ఆయన లేచి రాగం అందుకుంటే మిగతావాళ్ళంతా ఒకరి వెనక ఒకరు లేచి వంత పాడేవారు. అందుకని భోజనాలయ్యాక ఆ కాసేపు ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మడానికి కూడా వీల్లేదు. బావ మిషను మాత్రం నడిచేది. అది ఎప్పటినుంచో నడుస్తున్నదే కాబట్టి దాన్ని ఎవరూ చప్పుడు కింద లెక్కెయ్యలేదు.

వేసవి మొదట్లో మా పక్కనున్న పాత ఇల్లు అమ్ముడుపోయింది. చుట్టూ రేకులు పాతారు. మర్నాడు పొద్దున ఆ రేకుల వెనక ఏదో మిషను పునాది రాళ్ళను కొరకడం మొదలుపెట్టింది. మా నేల వణికింది. షెల్ఫులో పాలసీసాలు ఒకదానికొకటి తగులుకుని గలగలమన్నాయి. జడ్జిగారు నోరు తెరిచారు. సాయంత్రం దాకా ముయ్యలేదు.

"అంతస్తులు కడతారట," అన్నాడు బావ సూదిలో దారం ఎక్కిస్తూ. "ఎంత లేదన్నా ఏడాది పని."

"మీ నోటినుంచి ఒక్క మంచిమాట రాదా?" అని అక్క విసుక్కుంది.

అక్కడినుంచి మా తల ప్రాణం తోకకొచ్చింది. కిటికీలు తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. అవతల మిషన్లు ఆగి ఆగి తిరుగుతుంటే పిల్లలు పడుకున్నట్టే పడుకుని ఉలిక్కిపడి లేచేవారు. అక్క ఒకణ్ణి భుజాన, ఒకదాన్ని చంకన వేసుకుని గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచేది. నేనూ ఒకణ్ణి ఎత్తుకుని వెనకాలే నడిచేవాణ్ణి. జోలపాటలు రావు కాబట్టి నేను వాడికి రేడియోలో ఏ ముక్క దేనికి పనికొస్తుందో వివరంగా చెప్పేవాణ్ణి. దానికి కూడా నిద్రపోయేవాడు కాదంటే పరిస్థితి ఎలా ఉందో చూడండి.

పక్కన పునాదులు అయిపోయి స్తంభాలు లేచాక, ఒక సాయంత్రం డాక్టరమ్మ కొడుకును తీసుకుని వెంటనే వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"అక్కా, మీమీద కోపంతో చెప్పట్లేదు. మీరు వీణ్ణి ఎలా చూసుకుంటారో నాకు తెలుసు. కానీ పగలు నిద్ర లేకపోతే వీడు రాత్రంతా ఏడుస్తున్నాడు. నేను పొద్దున్నే వెళ్ళి ఆపరేషన్ చెయ్యాలి. నిన్న చెయ్యి వణికింది."

అక్క జడ్జిగారి పాలసీసా సంచీలో పెట్టి అందించింది.

"ఇంకో వారం చూస్తాను," అంది డాక్టరమ్మ. "తర్వాత ఓ మధ్యాహ్నం వచ్చి ఇక్కడే కూర్చుంటాను. నా కళ్ళతో చూస్తాను. అప్పుడు కూడా ఇలాగే ఉంటే ఇంకో చోటు వెతుక్కుంటాను. ఏమీ అనుకోకండి."

ఆవిడ వెళ్ళాక బావ కూడా వేళాకోళం ఆడలేదు. మిగతా తల్లుల్లో సగంమంది, డాక్టరమ్మే తన పిల్లవాణ్ణి ఇక్కడ వదిలిందంటే మంచి చోటే అయి ఉంటుందని వచ్చినవాళ్ళు. ఆవిడ వెళ్ళిపోతే వాళ్ళూ సర్దుకుంటారు. అక్క లోపల పాలసీసాలు కడుగుతుంటే బావ నన్ను దగ్గరికి పిలిచి, "ఆ గది ఖాళీ అయితే మీ అక్క ఉండలేదురా. నేను చూడలేను," అన్నాడు. బావ అలా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు అక్క నన్ను వెంటబెట్టుకుని పక్కస్థలంలోకి వెళ్ళింది. అక్కడ అందరిమీదా అజమాయిషీ ఒక ఇంజినీరమ్మది. నెత్తిన ప్లాస్టిక్ టోపీ, ఎండకు కమిలిన మొహం, గొంతు చూస్తే అరిచి అరిచి బొంగురుపోయింది. అక్క ఒంటికాలి మీద లేవబోయి, ఆ గొంతు వినగానే కాస్త తగ్గింది. పొద్దస్తమానం పిల్లలకు చెప్పీ చెప్పీ అక్కది కూడా అదే గొంతు.

"పసిపిల్లలండీ. మీరు కట్టుకోవద్దని నేననను. మధ్యాహ్నం వాళ్ళు పడుకునే ఆ కాసేపు ఆపితే చాలు."

ఇంజినీరమ్మ టోపీ తీసి నుదురు తుడుచుకుంది. "ఆ కాసేపు మా మనుషుల భోజనాలతో కలిపి సర్దుతాను. ఆ టైములో ఒక్క మిషను కూడా తిరగదు. సరేనా? ఇంకా ఏమైనా ఇబ్బందా?"

"దుమ్ము."

"నీళ్ళు కొట్టిస్తాను. రేకుల మీద తడి పరదా కట్టిస్తాను. ముందే వచ్చి అడిగి ఉంటే ముందే కట్టించేదాన్ని కదమ్మా. మాకు రేకుల అవతలేముందో ఎలా తెలుస్తుంది?"

పోట్లాటకని సిద్ధమైపోయినవాళ్ళకు ఎదుటివాళ్ళు వెంటనే ఒప్పేసుకుంటే ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఆ రోజు అక్క మొహంలో చూశాను. ఇంటికొచ్చాక ఆ మిగిలిపోయిన ఊపంతా బావ మీద చూపించింది.

"ఆ టైములో మీ మిషను కూడా ఆపండి."

"నా మిషను ఏం చేసిందే?"

"పక్కవాళ్ళకు నీతులు చెప్పొచ్చి మనం మిషను తొక్కుతామా? రేపు ఆవిడ అడిగితే నేనేం మొహం పెట్టుకోను?"

బావ కత్తెర పట్టుకున్నాడు. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు బట్ట కత్తిరించడం, గుండీలు కుట్టడం మాత్రమే.

ఇంజినీరమ్మ మాటంటే మాటే. మర్నాడు మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. అక్క ఊపిరి పీల్చుకుంది. జడ్జిగారి కళ్ళు మూతలు పడ్డాయి. ఇంతలో రేకుల వెనక ఠణేలుమని ఏదో పడింది. జడ్జిగారి కళ్ళు తెరుచుకున్నాయి. అక్క జోకొట్టింది. మళ్ళీ మూతపడుతుండగా ఇంకొకటి పడింది. తర్వాత ఇంకొకటి. ఆ మధ్యాహ్నం అంతకుముందు మిషన్లు తిరిగిన ఏ రోజుకన్నా అధ్వాన్నంగా గడిచింది. ఆ తర్వాతి రెండు రోజులూ అంతే.

అక్క మళ్ళీ వెళ్ళింది. ఈసారి గొంతు తగ్గించలేదు. ఇంజినీరమ్మ కూడా తగ్గించలేదు.

"మిషన్లు ఆపానా లేదా? అది చెప్పండి ముందు!"

"ఆపితే ఆ ఠంగుఠంగులు ఎక్కడివి?"

"చేత్తో చేసే పనమ్మా అది! స్లాబు కింద ఆన్చే సెంట్రింగు ప్లేట్లు దించుకుంటున్నారు, ఇనుప చువ్వలు దించుకుంటున్నారు. ఆ టైములో మిషన్లు ఆపి మనుషుల్ని కూడా ఊరికే కూర్చోబెడితే నా ఉద్యోగం ఉండదు. అందుకే మిషను అక్కర్లేని పనులన్నీ ఏరి ఏరి ఆ టైముకు పెట్టాను. మీకోసమే పెట్టాను!"

ఇద్దరిలో ఎవరిది తప్పో నాకు అంతుపట్టలేదు. ఒకావిడ చప్పుడు తగ్గించమని అడిగింది, ఇంకొకావిడ తగ్గించింది. అయినా పిల్లలు లేస్తున్నారు. అక్కకు కోపం, ఇంజినీరమ్మకు కష్టం. నాకు మాత్రం లోపల చిన్న ఉత్సాహం మొదలైంది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఎంత విప్పినా లోపం దొరకని రేడియో చేతికొచ్చినట్టనిపించింది.

అప్పటినుంచి మధ్యాహ్నాలు నేను పిల్లల మధ్య బోర్లా పడుకుని వాళ్ళ రెప్పలు చూస్తుండేవాణ్ణి. వీధిలో పెద్ద లారీ ఒకే తీరున గుర్రుమంటూ ఇంజను ఆపకుండా చాలాసేపు నిలబడింది. ఎవరూ కదలలేదు. అదే లారీ వెనక్కి వెళ్తూ కీ కీమనగానే ముగ్గురు లేచారు. అంత గట్టి చప్పుడు కాదది. పైగా దానికన్నా మెల్లగా, గచ్చు మీద ఎవరో పార పడేస్తే జడ్జిగారు అదిరిపడ్డారు.

"అక్కా, వీళ్ళను లేపుతున్నది పెద్ద చప్పుడు కాదేమో," అన్నాను.

"మరి చిన్న చప్పుడా?"

"చెప్పకుండా వచ్చే చప్పుడు."

"చప్పుడు చెప్పి వస్తుందిరా ఎక్కడైనా? ఉద్యోగం వెతుక్కో నువ్వు," అంది అక్క. వారం గడువు దగ్గరపడుతుంటే ఆవిడకు నా సిద్ధాంతాలు వినే ఓపిక లేదు.

ఓపిక లేకపోయినా నేను ఊరుకోలేదు. పొద్దున్నే రేకుల సందులోంచి పక్కస్థలంలోకి దూరాను. కాంక్రీటు కలిపే మిషను తిరుగుతోంది. పనివాళ్ళు దాన్ని మిల్లరు అంటారు. లోపల కంకరా సిమెంటూ కలిసి దొర్లుతుంటే పక్కనున్నవాళ్ళ మాట కూడా వినపడదు. దానికి నాలుగడుగుల అవతల, రెండు కర్రల మధ్య కట్టిన గుడ్డ ఉయ్యాలలో ఒక పసిపిల్ల ఉంది. ఏడాది కూడా నిండి ఉండదు. నిద్రపోతోంది. జుట్టంతా బూడిదరంగు దుమ్ము.

ఉయ్యాల చూస్తూ నిలబడిపోయాను. తట్ట మోస్తున్న ఒకమ్మాయి అది కిందపడేసి పరిగెత్తుకొచ్చింది. "ఏమైందన్నా? లేచిందా?"

"లేవలేదు. ఇంత చప్పుడులో ఎలా పడుకుందా అని చూస్తున్నా."

ఆ అమ్మాయి పిల్ల మొహం మీద దుమ్ము ఊదింది. "నాకూ తెలీదన్నా. ఒక్కోసారి, నిజంగా నిద్రేనా, భయపడి కళ్ళు మూసుకుందా అని చెయ్యేసి చూస్తుంటా. ఇంట్లో వదలడానికి ఎవరూ లేరు. ఇంజినీరమ్మ పిల్లల్ని తేవద్దనే అంటారు. తేకపోతే నేను రాలేను, రాకపోతే ఎలా?" అని మళ్ళీ తట్ట ఎత్తుకుంది.

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. మిల్లరు పక్కన కూడా పిల్ల నిద్రపోతోందంటే నా సిద్ధాంతానికి బలం వచ్చిందని చెప్పాలనుకున్నాను. అక్క దాకా ఆ సిద్ధాంతం చేరనే లేదు.

"పసిపిల్లా? అక్కడా?"

"ఆ. మన గోడకు అవతలే."

అక్క చేతిలోని గిన్నె పక్కన పెట్టి కిటికీలోంచి రేకుల వైపు చూసింది. "రెండుసార్లు వెళ్ళి పోట్లాడొచ్చానురా. నా పిల్లలు, నా పిల్లలు అని," అంది.

మర్నాటి సాయంత్రం ఇంజినీరమ్మే మా ఇంటికొచ్చింది. వరండాలో బావ వేసిన కుర్చీలో టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెడ్డ కబురు తెచ్చిన మనిషి అలాగే కూర్చుంటుంది.

"రేపు స్లాబు వేస్తున్నామమ్మా. స్లాబు మొదలుపెడితే అయ్యేదాకా ఆపకూడదు. మధ్యలో ఆపితే పాత కాంక్రీటు, కొత్త కాంక్రీటు అతుక్కోవు. కప్పు బలహీనపడుతుంది. కాబట్టి రేపు మధ్యాహ్నం మిల్లరు ఆపలేను. ముందే చెబుదామని వచ్చాను."

డాక్టరమ్మ వచ్చి కూర్చుంటానన్నది కూడా రేపే.

"ఎల్లుండికి మార్చలేరా?" అని బావ అడిగాడు.

"కంకర వచ్చేసింది, మనుషుల్ని పిలిచేశాను. వాన వచ్చేలా కూడా ఉంది. నిజంగా మార్చలేనండీ."

అక్క ఏడుస్తుందనుకున్నాను. ఇంజినీరమ్మ కూడా అదే అనుకున్నట్టుంది, టోపీని అటూ ఇటూ తిప్పుతోంది. అక్క ఏడవలేదు.

"ఆ ఉయ్యాలలో పిల్ల రేపు ఎక్కడుంటుంది?"

ఇంజినీరమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తలదించుకుంది. "వాళ్ళమ్మ కూడా తట్టలు అందించే వరుసలో ఉండాలి. పిల్ల అక్కడే పక్కన..."

"పొద్దున్నే తెచ్చి నాకిమ్మనండి."

ఆవిడ వెళ్ళాక బావ మెల్లగా అన్నాడు. "డాక్టరమ్మ వచ్చే రోజేనా? ఇంకో రోజు తెచ్చుకోవచ్చుగా. సైటులో పిల్లను తెచ్చి వీళ్ళ మధ్య పడుకోబెట్టావని ఆవిడ ఏమైనా అంటే?"

"అంటే అననీండి. స్లాబు రేపు. పిల్ల పడుకునేది రేపు. నన్నేం చెయ్యమంటారు?" అంది అక్క.

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి పిల్లను తెచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. తన కాళ్ళకున్న సిమెంటు చూసుకుని బయటే ఆగింది. అక్క పిల్లను అందుకుని, గోరువెచ్చటి నీళ్ళతో తల రుద్దింది. నీళ్ళు మూడుసార్లు మార్చాక జుట్టు అసలు రంగు బయటపడింది. జడ్జిగారు కొత్త పిల్లను కిందినుంచి పైదాకా పరిశీలించి, ఆమె చేతిలోని బిస్కెట్ లాక్కున్నారు. ఆమె ఆయన చెవి పట్టుకు లాగింది. ఆయన ఏడవడానికి బదులు ఆశ్చర్యపోయారు.

మిల్లరు మొదలైంది. భోజనాల వేళకు డాక్టరమ్మ వచ్చింది. పొద్దుటి ఆపరేషన్లు ముగించుకుని నేరుగా వచ్చినట్టుంది, రాత్రి కూడా నిద్ర ఉన్నట్టు లేదు. ఆ మోత విని గుమ్మంలోనే ఆగి అక్క వైపు చూసింది. అక్క పిల్లల్ని ఒక్కొక్కరినీ చాపల మీదికి చేరుస్తోంది. డాక్టరమ్మ చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. చాపల మీద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టే స్థితిలో కూడా లేదు పాపం.

నేను వరండాలోకి వెళ్ళాను. "బావా, మిషను తొక్కు."

"మీ అక్క నా ప్రాణం తీస్తుంది."

"అన్నాళ్ళూ వాళ్ళు దీంతోనే పడుకున్నారు బావా. దీన్ని ఆపాక ఇంకా అధ్వాన్నమైంది. ఎలాగూ అవతల మిల్లరు తిరుగుతోంది, ఇది విడిగా వినపడదులే. ఒక్కసారి తొక్కు."

బావ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు కానీ, చేతులకు కూడా పని కావాలనిపించిందేమో, కుట్టడం మొదలుపెట్టాడు.

లోపలికొచ్చి చూశాను. అవతల మిల్లరు మోత, ఇవతల మిషను మోత, రెండూ తెగకుండా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అక్క జడ్జిగారి వీపు మీద చెయ్యేసి కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆయన కాసేపు తల్లిని చూశారు, కాసేపు కప్పును చూశారు. రెప్పలు బరువెక్కాయి. పక్కన ఇంకొకడు అప్పటికే గుర్రుపెడుతున్నాడు. ఇంతలో పైన ఎవరో ఒక ప్లేటు జారవిడిచారు. కానీ ఆ చప్పుడు మిల్లరు మోతలో పడి సగానికి సగం అరిగిపోయింది. జడ్జిగారు పెదవులు చప్పరించి పక్కకు తిరిగారు. ఒక్కరు కూడా లేవలేదు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మోత వాళ్ళను లేపడం లేదు. మోత వాళ్ళను కప్పుతోంది. మోత ఆపి ఒట్టి నిశ్శబ్దం చేసినప్పుడే, అందులో పడిన ప్రతి ఠంగుకూ వాళ్ళు అదిరిపడ్డారు. మేమూ ఇంజినీరమ్మా కలిసి, ఒకరి మంచి ఒకరు కోరి, ఉన్న దుప్పటి కాస్తా లాగేశాం. అక్కతో చెబుదామని తిరిగాను. అక్క పెదవుల మీద వేలు పెట్టుకుని గోడ వైపు చూపించింది. డాక్టరమ్మ తల ఒక పక్కకు వాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, ఒంటిమీద తెలివి లేకుండా నిద్రపోతోంది.

అక్క వెళ్ళి ఆవిడ తల కింద ఒక చిన్న దిండు పెట్టింది. పిల్లల దిండు, దాని మీద బాతు బొమ్మలు.

ఎంతసేపు పడుకున్నారో నేను చూసుకోలేదు. కిటికీలోంచి పడే ఎండ గోడెక్కింది. అప్పుడు మిల్లరు ఆగింది. స్లాబు పూర్తయింది. బావ కూడా ఆ వేళకే దారం అయిపోయి మిషను ఆపాడు. ఒక్కసారిగా ఏ చప్పుడూ లేదు. ఆ మరుక్షణం గదిలో ఉన్నవాళ్ళంతా ఎవరో చెప్పినట్టు లేచి గొల్లుమన్నారు.

డాక్టరమ్మ ఉలిక్కిపడి లేచింది. కళ్ళు పూర్తిగా తెరవకముందే, చేతికి దగ్గరగా ఏడుస్తున్న పిల్లను లాక్కుని భుజాన వేసుకుంది. వీపు నిమురుతూ, అటూ ఇటూ ఊగుతూ, "ఊఁ ఊఁ, అయిపోయింది, అయిపోయింది" అంటోంది. పిల్ల వెక్కిళ్ళు తగ్గాయి. అప్పుడు ఆవిడకు ఎదురుగా అక్క చంకలో తన కొడుకు కనిపించాడు. జడ్జిగారు కన్నీళ్ళ మధ్యలోంచే తల్లిని నిలదీస్తున్నట్టు చూస్తున్నారు.

డాక్టరమ్మ భుజం మీద ఉన్న పిల్లను వెనక్కి వంచి మొహం చూసింది. "ఇది... ఎవరమ్మాయి అక్కా?"

బావ గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. అక్క తడబడలేదు.

"పక్కింటి పాప."

డాక్టరమ్మ కిటికీ వైపు, రేకుల వైపు చూసింది. అక్కడ తట్టలు కడుగుతున్న నీళ్ళ చప్పుడు వినపడుతోంది. ఆవిడ పిల్లను కింద పెట్టలేదు. మెడ వెనక జుట్టు తొలగించి చూసింది. అక్కడ ఎర్రగా దద్దు తేలి ఉంది.

"సిమెంటు పడి ఒరుసుకుంది. దీన్ని గోకనీయకండి. రేపు ఆయింట్‌మెంట్ తెస్తాను," అంది. "వీళ్ళమ్మతో కూడా ఒకసారి మాట్లాడాలి. రేపు వీణ్ణి దింపడానికి వచ్చినప్పుడు పిలుస్తారా?"

అక్క తలూపింది. తర్వాత జడ్జిగారి ముక్కు తుడిచే నెపంతో మొహం అటు తిప్పుకుంది. రేపు అన్న మాట డాక్టరమ్మ నోటినుంచి రెండుసార్లు వచ్చింది. బావ నా భుజం గిల్లాడు, అదీ నెప్పి పుట్టేలా.

మర్నాడు నేను ఇంజినీరమ్మ దగ్గరికి వెళ్ళి నా సిద్ధాంతం అప్పజెప్పాను. ఆవిడ ముందు నవ్వింది, తర్వాత మేస్త్రీని పిలిచి పనుల వరుస మొత్తం తిరగేసింది. మధ్యాహ్నం మిల్లరు, నీళ్ళ పంపు, ఒకే తీరున సాగే పనులు. ప్లేట్లు, చువ్వలు దించడం పొద్దున పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు. ప్లేట్లను పైనుంచి పడెయ్యకుండా తాడు కట్టి గోనెల మీదికి దించేవారు. లారీ వెనక్కి వచ్చేటప్పుడు హారన్ బదులు ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడేవాడు. చువ్వలు దించే వేళకు అక్క పిల్లలందరినీ కిటికీ దగ్గర నిలబెట్టేది. ఠంగుమన్నప్పుడల్లా వాళ్ళు చప్పట్లు కొట్టేవారు. చూసే చప్పుడంటే వాళ్ళకు భయం లేదని అలా తెలిసింది. పిల్లలు చప్పట్లు కొడుతున్నారని పనివాళ్ళు ఇంకాస్త గట్టిగా వేసేవారేమోనని నాకు అనుమానం.

సైటు పిల్లను మిగతావాళ్ళతో కలిపి పడుకోబెట్టడం ఒకరిద్దరు తల్లులకు నచ్చలేదు. గుమ్మం దగ్గర నిలబడి గుసగుసలాడారు. డాక్టరమ్మ ఆ పిల్ల మెడకు మందు రాస్తూ, తల కూడా ఎత్తకుండా, "నచ్చకపోతే చెప్పండి, మంచి క్రెష్‌లు ఇంకా ఉంటాయి," అంది. ఎవరూ వెళ్ళలేదు.

వానలు మొదలయ్యేసరికి పై స్లాబు కూడా అయిపోయింది. స్లాబు పనివాళ్ళకు ఇక ఇక్కడ పని లేదు. ఇంజినీరమ్మ వాళ్ళను ఊరికి ఆ చివర కొత్త సైటుకు పంపిస్తోంది. ఒక మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళకు తట్టలు మోసే ఆ అమ్మాయి తన కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చింది. ఈసారి కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి, చాప మీద కూర్చుంది. పిల్ల బట్టలు మూట కట్టింది. మూట కట్టడం అయిపోయినా లేవలేదు.

"ఎక్కడో తెలుసా సైటు?" అని అక్క అడిగింది.

"బస్సు నంబరు చెప్పారక్కా. రేపటి నుంచి పని." పిల్ల తల నిమిరింది. జుట్టు నల్లగా, మెత్తగా ఉంది. "పని ఎక్కడైనా ఒకటే. అక్కడ పక్కింట్లో ఎవరుంటారో."

ఆ మధ్యాహ్నం వేళ అక్క పిల్లల్ని వదిలి గడప దాటడం నేనెప్పుడూ చూడలేదు. లేచి, తలుపు వెనకున్న సంచీ భుజాన తగిలించుకుంది. నా ఒళ్ళో ఒకణ్ణి, బావ ఒళ్ళో ఒకణ్ణి పడేసింది.

"పద," అంది ఆ అమ్మాయితో. "ఎవరున్నారో చూసొద్దాం."

పిల్లను తను ఎత్తుకుని, మూట ఆ అమ్మాయికిచ్చి, వానలో బస్టాపు వైపు నడిచింది.